పదో పాదంలో ఖాళీ

డెరిక్ హోల్రాయిడ్ వేళ్ళకి ఊరికే ఉండడం చేతకాదు. బస్సు కోసం నిలబడితే పక్కనున్న కమ్మీ మీద, ఆదివారం ప్రార్థనకి వెళ్తే ముందు బెంచీ వీపు మీద, టీకి నీళ్ళు కాగేలోపు వంటింటి గట్టు మీద అవి ఠక్కు ఠక్కుమంటూనే ఉంటాయి. ఆయన రావెన్‌క్లఫ్ పెద్దబడిలో ఒక జీవితకాలం ఇంగ్లీషు చెప్పాడు. ఆ జీవితకాలమంతా పిల్లలు ఆయన్ని ఠకఠక సార్ అనే పిలిచారు, మొదట్లో చాటున, తర్వాత మొహం మీదే. ఆయనకది బిరుదులాగే ఉండేది. ఇప్పటికీ సంతలో కూరగాయలమ్మే బట్టతల మగాళ్ళు ఆయన కనబడితే బల్ల మీద అయిదు దెబ్బలు కొట్టి నవ్వుతారు.

ఆ దెబ్బలు ఆయనకి ఇంటినుంచి వచ్చినవే. రావెన్‌క్లఫ్ యార్క్‌షైర్ కొండల మధ్య ఇరుకు లోయ. ఇప్పుడంటే అక్కడి పాత మిల్లుల్లో డబ్బున్నవాళ్ళు కాపురాలుంటున్నారు గానీ, డెరిక్ చిన్నప్పుడు వాటిలో ఉన్ని నేసేవారు. తండ్రి మగ్గాలు బాగుచేసేవాడు. షెడ్డు నిండా మగ్గాల రొదలో ఒక్క మగ్గం ఒక్క దెబ్బ తప్పితే చాలు, చేతిలో ఉన్న పని వదిలేసి తల అటు తిప్పేవాడు. తల్లిది పోగులెక్కించే పని. నేసిన గుడ్డని కిటికీ వెలుతురుకి ఎదురుగా వాలుబల్ల మీద పరిచి, వేళ్ళతో తడిమి, పోగు జారిన చోట సూదితో కొత్త పోగు ఎక్కించేది. ఎక్కించిన చోటు కనిపిస్తే జీతం కోసేవారు. అందుకని ఆ ఇంట్లో ఖాళీ ఉందంటే అది తప్పు, తప్పును నింపాలి, నింపినట్టు ఎవరికీ తెలియకూడదు. అంతకు మించిన వేదం వాళ్ళకి లేదు. డెరిక్ కూడా వేరే వేదం చదువుకోలేదు.

ఇంగ్లీషు పద్యం దగ్గరికి ఆయన ఆ చెవులతో, ఆ వేళ్ళతో వెళ్ళాడు. గురులఘువులు తెలిసినవాళ్ళకి ఆ లెక్క చిటికెలో పట్టుబడుతుంది. ఒకటి తేలిక, వెనకే ఒకటి బరువు, అది ఒక జంట. అలాంటి జంటలు అయిదు కలిస్తే ఒక పాదం. బరువు పడ్డ చోటల్లా బల్ల మీద వేళ్ళ కణుపులతో కొట్టమనేవాడు. క్లాసు క్లాసంతా ఒక్కసారి కొడితే పక్కగదిలో లెక్కల టీచరమ్మ ఉలిక్కిపడి సుద్దముక్క వదిలేసేది.

"ఇక్కడ కవిత్వం చెబుతున్నారా, మేకులు కొట్టిస్తున్నారా?" అని ఆమె గుమ్మంలోకొచ్చి అడిగేది.

"రెంటికీ తేడా ఏముందండీ? వంకర పోకుండా దిగాలంతే," అనేవాడు డెరిక్.

ఆయన అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పింది ఒక పాత పద్యం. నాలుగు వందల ఏళ్ళనాటిది, పద్నాలుగు పాదాలది. భార్య పోయినవాడొకడు మంచులో నడిచి ఇంటికి రావడమే అందులో కథ. మొదటి ఎనిమిది పాదాలూ దారి. వాటి చివరి ప్రాసలు మడత పెట్టిన దుప్పటిలా ఉంటాయి: ఒకటో పాదానికి నాలుగోది జోడీ, లోపల రెండోదానికి మూడోది. ఆ తర్వాతి నాలుగూ అంతే. తొమ్మిదో పాదంలో పద్యం మలుపు తిరుగుతుంది. మనిషి గుమ్మం ముందుకొస్తాడు, ప్రాసలు కూడా కొత్తవి అందుకుంటాయి. పదో పాదాన్ని మన మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: తలుపు తీశాను, పిలిచాను, అయ్యో, పలకలేదు. తలుపు ఒక దెబ్బ, తీశాను ఒకటి, పిలిచాను ఒకటి, అయ్యో ఒకటి, పలకలేదు ఒకటి. లెక్క సరిపోయింది.

బడి పుస్తకంలో ఆ 'అయ్యో'కి రెండు పక్కలా బ్రాకెట్లు ఉండేవి. పేజీ అడుగున చీమతలంత అక్షరాల్లో, ఈ మాట కవి చేతిరాతలో లేదనీ, పాదం కుంటుతోందని తర్వాతి పండితులు చేర్చారనీ ఒక ముక్క ఉండేది. అలాంటివి చదివే తీరిక పిల్లలకెక్కడిది? ఒక్కమ్మాయి చదివింది. బ్రయొనీ సగ్డెన్ అని, పద్నాలుగేళ్ళది, ప్రశ్న అడగాలంటే ముందు చెవులు ఎర్రబడే పిల్ల.

"సార్, ఈ అయ్యో కవిది కాదంట. తీసేసి చదివితే ఏమవుద్ది?"

"ఏమవుద్దో నువ్వే చదివి చూపించు."

బ్రయొనీ చదివింది. మిగతావాళ్ళు కొట్టారు. నాలుగో దెబ్బ దగ్గర కొందరు కొట్టారు, కొందరు చెయ్యి గాల్లో ఆపేశారు, వెనక బెంచీవాడు ఒక్కడూ ఆలస్యంగా ఠప్పుమని కొట్టాడు. క్లాసంతా గొల్లుమంది.

"చూశావా? గుడ్డలో కన్నం," అన్నాడు డెరిక్. "ఎవడో రాసుకుంటూ రాసుకుంటూ ఒక మాట జారవిడిచాడు. పోగు జారితే ఎక్కించాలి. మా అమ్మయితే ఆ గుడ్డని మిల్లు గేటు దాటనిచ్చేది కాదు."

"కావాలనే వదిలేశాడేమో సార్?"

"నేతగాడెవడైనా కావాలని కన్నం పెడతాడటమ్మా? కూర్చో, కూర్చో."

క్లాసు మళ్ళీ నవ్వింది. బ్రయొనీ చెవులు చల్లారేదాకా తల వంచుకుని కూర్చుంది. ఆ ఏడు బళ్ళో మొదటి మార్కు ఆమెదే. తర్వాత ఆమె కూడా ఇంగ్లీషు టీచరైంది. తన క్లాసులో పిల్లలు బల్లలు వాయిస్తున్న ఫోటో ఒకటి ఆయనకి పంపింది. డెరిక్ దాన్ని హాల్లో చలిమంట పొయ్యి పైనున్న గట్టు మీద పెట్టుకున్నాడు.

ఆయన భార్య జాయిస్ ఊరి లైబ్రరీలో పనిచేసేది. లైబ్రరీలో గొంతు తగ్గించి మాట్లాడాల్సొచ్చేదని, ఆ బాకీ అంతా ఇంటికొచ్చి తీర్చుకునేది. డెరిక్ బడినుంచి వచ్చి తలుపు తీసి "జాయిస్!" అనేవాడు. ఆ మాట పూర్తయ్యేలోపే లోపల్నుంచి "బూట్లు విప్పు!" అని వచ్చేది. ఎన్ని ఏళ్ళైనా అదే పిలుపు, అదే జవాబు. మధ్యలో సూది దూరే సందు ఉండేది కాదు. పెళ్ళైన కొత్తలో ఆయన దాన్ని కూడా లెక్కకట్టి చూపించాడు: ఒకటి తేలిక, ఒకటి బరువు, సరిగ్గా కుదిరిందని. జాయిస్ చేతిలో ఉన్న తువ్వాలు ఆయన మొహాన విసిరింది.

నాలుగేళ్ళ క్రితం జాయిస్ పోయింది. ఖననం అయిన మర్నాడు డెరిక్ కొట్టుకి వెళ్ళి రెండు రేడియోలు కొనుక్కొచ్చాడు. ఒకటి వంటింట్లో, ఒకటి మేడ మీద. అప్పట్నుంచీ ఆ ఇంట్లో అవి ఆగింది లేదు. బయటికి వెళ్తున్నా ఆపడు. తిరిగొచ్చి తలుపు తీసి అలవాటు కొద్దీ "జాయిస్!" అంటాడు. లోపల్నుంచి ఎవరో పెద్దమనిషి సముద్రం మీద గాలి ఎటుందో చెబుతుంటాడు, లేకపోతే క్రికెట్‌లో ఎన్ని వికెట్లు పడ్డాయో చెబుతుంటాడు. డెరిక్ బూట్లు విప్పుకుంటాడు.

గోడ అవతలి ఇంట్లో మేవిస్ ఉంటుంది. జాయిస్‌కి అక్క. భర్త పోయి చాలాకాలమైంది. మరిది ఇంటి తాళంచెవి ఒకటి ఆమె గౌను జేబులోనే ఉంటుంది. చెల్లెలు పోయాక ఆమెకి ఏడుపు కంటే ముందు ఈ రేడియో వచ్చి పడింది.

"గోడవతల ఒక మనిషి బతికుందన్న సంగతి గుర్తుందా నాయనా?" అని రోజూ దెబ్బలాడేది. "ఆ రేడియోలో వాడు నా మొగుడి కంటే ఎక్కువ మాట్లాడుతున్నాడు. పోనీ వాడేమన్నా నా బట్టలారేసి పెడతాడా?"

"సన్నగా పెట్టాను కదా మేవిస్."

"సన్నగానా? నిన్న నా టీకప్పు సాసర్లో గజగజలాడింది. ఒక్క నిమిషం ఇల్లు ఊరుకుంటే నీకేమన్నా పోతుందా?"

డెరిక్ బిస్కట్ల డబ్బా ముందుకు జరిపేవాడు. మేవిస్ తిట్టడం ఆపకుండానే రెండు తీసుకునేది.

ఇక ఆయనకంటూ మిగిలింది జూన్ నెల. ఏటా ఆ నెలలో దేశమంతా పదహారేళ్ళ పిల్లలు రాసిన పరీక్ష జవాబులు దిద్దే పని ఆయనకి వస్తుంది. మిగతా పదకొండు నెలలూ డెరిక్ ఈ నెల కోసం ఊపిరి బిగబట్టి ఉంటాడని మేవిస్ అంటుంది, అందులో అబద్ధమేమీ లేదు. పద్యం గురించి ఆయన్ని ఇంకా ఎవరైనా అడుగుతున్నారంటే అది అప్పుడే. వెనకటిలా కట్టలు కట్టలు రావు, అన్నీ కంప్యూటర్లోనే. ఒక్కొక్క జవాబే తెర మీదికి వస్తుంది. రాసిన బిడ్డ పేరుండదు, ఊరుండదు, అంకెలుంటాయి. మార్కు వేసి మీట నొక్కితే అది వెళ్ళిపోతుంది, ఇంకోటి వస్తుంది.

అందులో ఒక మెలిక ఉంది. పరీక్షలు నడిపే పెద్దలు కొన్ని జవాబులకి ముందే మార్కు తేల్చేసి, వాటిని మామూలు జవాబుల్లో కలిపి పంపుతారు. వాటిని విత్తనాలంటారు. ఏది విత్తనమో దిద్దేవాడికి తెలియదు. తన మార్కు పెద్దల మార్కుకి దూరంగా పడిందా, ఫోను వస్తుంది. మూడుసార్లు పడితే ఇక దిద్దనివ్వరు. ఆ జూన్‌లో డెరిక్‌కి అప్పటికే రెండుసార్లు ఫోను వచ్చింది. చేసింది బ్రయొనీయే. ఆయన జట్టుకి ఇప్పుడు ఆమె పెద్ద.

"సార్, మీరు మరీ పిసినారి అయిపోతున్నారు," అంది రెండోసారి. "వృత్తం పేరు తప్పు రాస్తే మాత్రం అన్ని మార్కులు కోసెయ్యాలా?"

"పేరే తెలియనివాడికి పద్యం ఏం తెలుస్తుందమ్మా?"

"ఇంకోసారి తేడా వస్తే నా చేతుల్లో ఉండదు సార్. మీకు చెప్పాల్సిరావడం నాకు సిగ్గుగా ఉంది."

"సిగ్గెందుకు? గుడ్డ చూసేవాళ్ళు గట్టిగానే చూడాలి," అన్నాడాయన. ఫోను పెట్టాక చాలాసేపు బల్ల మీద వేళ్ళాడిస్తూ కూర్చున్నాడు.

ఆ ఏడు పరీక్షకి వచ్చింది ఆ పాత పద్యమే. ప్రశ్నపత్రంలో కొత్త ప్రతిలోంచి తీసి వేశారు, అందులో 'అయ్యో' లేదు. "మళ్ళీ ఆ కన్నం గుడ్డే తెచ్చారు," అని డెరిక్ మొదటిరోజే విసుక్కున్నాడు. వచ్చే జవాబులన్నీ ఒకే అచ్చు. పద్నాలుగు పాదాలు, అయిదు దెబ్బలు, మడత ప్రాస, తొమ్మిదిలో మలుపు, ఇందువల్ల బాధ మనకి బాగా తెలుస్తోంది. పదో పాదం జోలికి ఎవరూ పోలేదు.

ఒక మధ్యాహ్నం అరపేజీ జవాబు ఒకటి వచ్చింది. అక్షరాలు కొండెక్కుతున్నట్టు పైకి పోతున్నాయి.

"ఈ రకం పద్యానికి ఏదో పేరుంది, నాకు గుర్తు రావట్లేదు. ప్రతి లైనుకీ అయిదు దెబ్బలున్నాయి, బల్ల మీద కొట్టి చూశాను. పదో లైనులో నాలుగే వచ్చాయి. మళ్ళీ కొట్టాను. పిలిచాను తర్వాత ఇంకోటి ఉంది కానీ దాంట్లో ఏమీ లేదు. ఆయన పిలిచాడు కదా, ఆమె పలుకుతుందేమోనని ఒక దెబ్బ ఖాళీగా ఉంచాడు. మా తాత పోయాక మా నాన్నమ్మ కూడా మెట్ల కింద నిలబడి ఆయన్ని టీకి పిలుస్తుంది. పిలిచి ఆగుతుంది. అప్పుడు మేమెవరం మాట్లాడం. తర్వాత వెళ్ళి ఒక్క కప్పే తీస్తుంది. కవికి ఇది తెలుసనుకుంటా. ప్రాసల గురించి" అక్కడితో ఆగిపోయింది. సమయం అయిపోయినట్టుంది.

వృత్తం పేరు లేదు. ప్రాస లెక్క లేదు. జవాబు సగమే ఉంది, ఆ సగంలో నాన్నమ్మ కబుర్లు. ఇరవై నాలుగుకి డెరిక్ ఆరు వేశాడు. మీట నొక్కబోతుంటే టీలోకి పాలు లేవన్న సంగతి గుర్తొచ్చింది. ఆ అంకె తెర మీద అలాగే వదిలేసి, కోటు వేసుకుని కొట్టుకి వెళ్ళాడు.

ఆయన వీధి మలుపు తిరగ్గానే మేవిస్ తన జేబులోని తాళంచెవి తీసింది. ఆమెకి ఆ రోజు తలనొప్పి. రెండు రేడియోలూ ఆపేసి, ఒక మంచి పని చేశాననుకుని ఇంటికెళ్ళి మంచమెక్కింది.

డెరిక్ పాలసీసాతో తిరిగొచ్చాడు. తలుపు తీశాడు. "జాయిస్!" అన్నాడు.

ఇల్లు పలకలేదు. నాలుగేళ్ళుగా ఆయన వినకుండా తప్పించుకున్నది ఆ చిన్న నడవలో, కోట్లు తగిలించే కొక్కేల కింద ఆయనకి ఎదురైంది. ఏదో ఒకటి వినిపిస్తుందనే ఆయన చెవులు ఇంకా ఎదురుచూస్తున్నాయి. ఆ ఎదురుచూపు ఎంతసేపు ఉందో అంతసేపూ జాయిస్ పోలేదు. తర్వాత పోయింది. డెరిక్ బూట్లు విప్పుకోలేదు. పాలసీసా మెట్టు మీద పెట్టి, దాని పక్కనే కూలబడి, మొదటిసారి గొంతెత్తి ఏడ్చాడు.

లేచి నేరుగా మేడ మీద కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. ఆ అరపేజీని మళ్ళీ చదివాడు. ఆరు చెరిపేసి ఇరవై ఒకటి వేశాడు. అప్పుడు చెయ్యి ఆగింది. ఇది విత్తనమైతే తన పని ఇవాళ్టితో సరి. కానీ పెద్దలు ఏరికోరి ఇలాంటి కుంటి జవాబుని విత్తనం చేస్తారా? చెయ్యరు. ఇది ఎక్కడో నిజంగా ఉన్న బిడ్డ, ఆ నాన్నమ్మ ఎక్కడో నిజంగా మెట్ల కింద నిలబడుతోంది. ఈ మార్కు తనొక్కడే వెయ్యగలడు. ఇన్నేళ్ళలో ఎవరికీ ఇంత మార్కు వెయ్యని పిసినారి మీట నొక్కాడు.

మర్నాడు పొద్దున్న ఫోను మోగింది.

"సార్," అంది బ్రయొనీ. ఆమె గొంతులోనే సంగతి ఉంది. "మీ దిద్దుడు ఆపేశారు సార్."

"అది విత్తనమా?"

"విత్తనమే సార్. ఇరవై ఒకటేంటి సార్? మీరా? వేలు జారిందా?"

"జారలేదు. దానికి అసలు మార్కు ఎంత?"

"ఆరు."

"ఎవరు తేల్చారు?"

"నేనే సార్."

"ఆ పదో పాదం గురించి ఏం రాసిందో చదివావా బ్రయొనీ?"

"చదివాను సార్. పాపం అనిపించింది. చెయ్యి జారి మాట పడిపోయిన చోట అంత పెద్ద అర్థం వెతుక్కుంది. గుడ్డలో కన్నం కదా సార్ అది? మీ అమ్మగారి కథ చెప్పి మా పిల్లలకి ఇప్పటికీ అదే నేర్పిస్తాను. నవ్వుతారు, కానీ మర్చిపోరు."

డెరిక్‌కి కుర్చీ దొరకలేదు. మంచం అంచున కూర్చున్నాడు.

"నేను చెప్పింది తప్పమ్మా."

"సార్?"

"కన్నం కాదది. వాడు పిలిచి ఆగాడు. ఆమె పలికే చోటు అది. దాన్ని మనం నింపేశాం. ఆ బిడ్డ ఒక్కతే నింపకుండా చదివింది. ఆ మార్కు మార్చు."

"ఎలా కుదురుద్ది సార్? ఆ జవాబునే కొలతగా పెట్టాం. వందలమంది దానికి ఆరు వేసి, సరిగ్గానే వేశామనుకుని ముందుకెళ్ళారు. ఇలా రాసినవాళ్ళకి ఇంతే అని నేర్చుకుని మిగతావాళ్ళకీ అలాగే వేశారు. దీన్ని కదిపితే అన్నీ కదపాలి. ఎవరు ఒప్పుకుంటారు?"

"ఆ బిడ్డ ఎవరో, ఏ ఊరో చెప్పు. ఒక ముక్క రాస్తాను."

"నాకూ తెలీదు సార్. అంకెలే."

"బ్రయొనీ, నువ్వప్పుడే అడిగావు. రెండో బెంచీలో కూర్చునేదానివి. కావాలనే వదిలేశాడేమో సార్ అన్నావు."

"నేనా?"

"నువ్వే. కూర్చోమన్నాను."

ఆమె నిజంగానే ఆలోచించింది. "లేదు సార్, నాకు గుర్తులేదు," అంది చివరికి. "మీరు చెప్పింది మాత్రం ఒక్క మాట పొల్లు పోకుండా గుర్తుంది."

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారని సామెత. డెరిక్‌కి ఆకులు కూడా దొరకలేదు. ఫోను పెట్టి కంప్యూటర్ తెరిస్తే, దిద్దడానికి మీకేమీ లేవు అని ఒక్క వాక్యం ఉంది. ఆయన దగ్గర చదువుకుని వెళ్ళిన పిల్లలందరూ ఆయన కళ్ళ ముందు బల్లలు వాయించారు. అందులో ఎంతమంది టీచర్లయ్యారో, వాళ్ళ దగ్గర ఎంతమంది ఆ అయ్యో నేర్చుకున్నారో ఆయన లెక్కకట్టబోయి, కట్టలేక మానేశాడు. తల్లి సూది తప్పిన పోగుల్ని బాగుచేసింది. తన సూది బాగున్న గుడ్డ మీద పడింది, అది కూడా ఎవరికీ కనిపించకుండా పడింది.

మధ్యాహ్నానికి మేవిస్ రబర్బ్ అనే పుల్లకాడలతో చేసిన తీపిరొట్టె పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. గోడవతల నిన్నట్నుంచీ చప్పుడు లేదు. దెబ్బలాటకొస్తాడని ఎదురుచూసింది, రాలేదు. అందుకని కాస్త భయం, కాస్త గెలిచిన సంబరం రెండూ ఉన్నాయి ఆమె మొహంలో.

"ఏమయ్యా, నీ పెద్దమనుషుల గొంతులు నేనే నొక్కేశాను, పోలీసుల్ని పిలుస్తావా?" అంటూ వచ్చి, ఆయన్ని చూసి పళ్ళెం కింద పెట్టింది. "ఏమైంది డెరిక్?"

చెప్పాడు. విత్తనం గురించీ, బ్రయొనీ గురించీ, ఆ బిడ్డ గురించీ, నాన్నమ్మ గురించీ. మేవిస్‌కి పద్యాలంటే పడవు. అయినా మధ్యలో అడ్డం రాకుండా వింది.

"జాయిస్ బతికుంటే నిన్ను చీపురుతో కొట్టేది," అంది చివరికి. కళ్ళు తుడుచుకుంది. "ఏదీ, ఆ పాదం ఒకసారి చదువు. ఆ పిల్ల చదివినట్టు చదువు. నేను వింటాను."

డెరిక్ కుర్చీలో సర్దుకున్నాడు. కుడిచెయ్యి దానంతటదే బల్ల మీదికి వచ్చింది.

"తలుపు, తీశాను, పిలిచాను, అయ్యో..."

ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి మెల్లగా, ఒక్కొక్క మాటా పట్టి పట్టి. పిలిచాను దాకా వచ్చాడు. ఆ తర్వాత ఆయన పెదాలు బిగించుకున్నాడు కానీ వేళ్ళు బల్ల మీద పడ్డాయి, వేళ్ళు పడగానే మాట బయటికొచ్చేసింది.

"అయ్యో."

"చెయ్యి ఇటివ్వు," అంది మేవిస్. ఆయన చేతిని తన రెండు చేతుల మధ్య గట్టిగా అదిమి పట్టుకుంది. "ఊఁ, ఇప్పుడు చదువు నాయనా. నేను పట్టుకున్నాను కదా."

"తలుపు తీశాను," అన్నాడు డెరిక్. "పిలిచాను."

ఇల్లంతా ఆగింది. మేవిస్ కూడా మెట్ల వైపు చూసింది. ఆమె చేతుల్లో ఆయన వేళ్ళు పట్టిన పిట్టలా కొట్టుకున్నాయి. ఆయన గొంతులోంచి, ఆయన వద్దనుకుంటుండగానే, మళ్ళీ అదే మాట వచ్చింది.

ఆయన ఇంక ప్రయత్నించలేదు. తల వంచుకుని, బళ్ళో చివాట్లు తిన్న పిల్లవాడిలా కూర్చున్నాడు. మేవిస్ ఆయన చెయ్యి వదిలేసింది. రొట్టె కోయబోయి కత్తి పక్కన పెట్టేసింది. ఎవరూ మాట్లాడకపోతే ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకి కూడా అప్పుడే తెలిసింది.

నాలుగేళ్ళుగా ఆపు ఆపు అని గోడ మీద కొట్టిన మేవిస్ లేచి వంటింట్లోకి వెళ్ళి, తన చేత్తోనే రేడియో పెట్టింది.